బెల్వెడియర్‌లో వినిపించిన కేక

గ్రే, జార్జియా
మార్చి 8, 1999

ఒరేయ్ హోయ్ట్,

ఉత్తరం చూసి ఎవరో పోయారనుకుని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. మీ బావ డెల్మర్‌కి మోకాలి నొప్పి, నాకు డెల్మర్ నొప్పి, అంతే. ఏటా క్రిస్మస్‌కి కార్డుల మీద పేర్లు రాసి పంపుకోవడం తప్ప మనం మాట్లాడుకుని ఎన్నేళ్ళయిందిరా? ఫోన్ చేద్దామంటే ఓడల కార్ఖానాలో వెల్డింగ్ చేసీ చేసీ నీ చెవులు దిబ్బళ్ళు పడిపోయాయి. నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, నా బ్యూటీ పార్లర్‌లో జుట్టుకు రంగేసుకుని కూర్చున్న ఆడవాళ్ళందరికీ మన ఇంటి గుట్టు తెలిసిపోతుంది.

విషయం ఏమిటంటే, మేకన్‌లో మన బెల్వెడియర్ థియేటర్‌ని మళ్ళీ తెరుస్తున్నారు. ఇన్నాళ్ళూ పైకప్పు కారి, బాల్కనీలో పావురాలు కాపురం పెట్టి, కూల్చేస్తారనే అనుకున్నాం. ఎవరో పుణ్యాత్ములు చందాలు పోగుచేసి బాగుచేయించారు. జూన్‌లో మొదటి కచేరీ. ఎవరిదో తెలుసా? మడ్ క్రీక్ హౌండ్స్ బ్యాండ్‌ది! వాళ్ళలో బతికున్నవాళ్ళది.

డెబ్భై నాలుగు ఏప్రిల్‌లో మనం చూసిన ఆ కచేరీనే కదా రికార్డుగా వేశారు. దాన్ని చూసినవాళ్ళు వచ్చి తమ జ్ఞాపకాలు చెప్పాలట. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ కేక వేసిన మనిషి కావాలట. చచ్చిపోయిన కంచరగాడిద మీద పాట వస్తుంది చూడు, గిటారు ఏడ్చి ఏడ్చి ఆగిపోయి, హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అప్పుడు చీకట్లోంచి సన్నటి గొంతు, "పందుల దొడ్డి గడియ పెట్టావా, లేదా?" అని. ఆ కేక లేకపోతే ఆ రికార్డు సగం కూడా అమ్ముడుపోయేది కాదని అందరూ అంటారు. ఇప్పటికీ ఫుట్‌బాల్ ఆటలో కాస్త సద్దుమణిగితే చాలు, ఎవడో ఒకడు గడియ గురించి అరుస్తాడు.

నేను పేరు ఇచ్చేశాను. కేక వేసింది నేనే కదా. వేదిక మీద మళ్ళీ వెయ్యాలట. నేను అరిచింది నీ మీదే కాబట్టి నువ్వు కూడా వచ్చి పక్కన నిలబడు. మంచి చొక్కా వేసుకో. ఆ రొయ్యల బొమ్మల చొక్కా వద్దు.

మా మరదలు ఫెయ్‌ని అడిగానని చెప్పు.

మీ అక్క,
వెర్లీన్

*

పాస్కగూలా, మిసిసిపీ
మార్చి 16

అక్కా,

నీ ఉత్తరం చదివి, తప్పు చదివానేమోనని ఫెయ్ చేత కూడా చదివించాను. తప్పు చదవలేదు. తప్పు రాసింది నువ్వు.

ఆ కేక వేసింది నేను. నీ మీద వేశాను. గడియ పెట్టాల్సింది నువ్వు. నేను దాణా వేసి ట్రక్కు దగ్గరికి వచ్చేశాను, నువ్వు వెనకాలే వస్తూ గడియ పెట్టాలి. నువ్వేమో ఎర్ర గౌను మీద బురద పడుతుందని గెంతుకుంటూ వచ్చావు. నాకు బాగా గుర్తుంది.

ఇది నీకు వేడుకగా ఉందేమో. నాకు మాత్రం కాదు. మర్నాడు ఆదివారం ఏం జరిగిందో గుర్తు చెయ్యమంటావా? డబ్ బాబాయి నలభై ఏళ్ళు తప్పించుకు తిరిగి, చివరికి పిన్ని పోరు పడలేక బాప్తిస్మానికి ఒప్పుకున్నాడు. చర్చి మొత్తం పాటలు పాడుకుంటూ వాగు దగ్గరికి వెళ్ళింది. పాస్టర్ గారు తెల్ల అంగీతో నడుం లోతు నీళ్ళలోకి దిగేసరికి, అక్కడ మన పెద్ద పంది డచెస్ మెడ దాకా మునిగి కూర్చుని ఉంది! వెనక దాని పిల్లలు. పంది ఒక్కసారి గుర్రుమనగానే డబ్ బాబాయి గట్టెక్కి, తడిసిన ప్యాంటుతో రోడ్డున పడి తిన్నగా నడుచుకుంటూ పోయాడు. మళ్ళీ మన చర్చి గడప తొక్కలేదు. పక్క చర్చి మెథడిస్టుల్లో కలిశాడు.

ఆ నింద ఎవరి మీద పడింది? నా మీద. నాన్న ట్రక్కు తాళాలు లాక్కున్నాడు. ట్రక్కు లేకపోయేసరికి జునెల్ నన్ను వదిలేసి వెండెల్ స్టబ్స్ ట్రక్కు ఎక్కింది, ఆ తర్వాత వాణ్ణే పెళ్ళాడింది. (ఫెయ్ పక్కనే నిలబడి చదువుతోంది. అదంతా మన మంచికే జరిగిందని రాయమంటోంది. అదంతా నా మంచికే జరిగింది.) కానీ నాన్న పోయేదాకా, "గడియ పెట్టడం కూడా చేతకానివాడివి" అనే అన్నాడు. నేను కట్టిన ఓడలు సముద్రాల మీద తిరుగుతున్నాయి, అయినా సరే.

నీ పేరు వెనక్కి తీసుకో. నా పేరు ఇవ్వు. గౌరవం కోసం కాదు. కేక వేసినవాడు గడియ మరిచినవాడు కాలేడు కదా. అందుకు.

ఇక్కడ ముల్లెట్ చేపలు విపరీతంగా పడుతున్నాయి. పంపే వీలుంటే పంపేవాణ్ణి.

హోయ్ట్

*

గ్రే
ఏప్రిల్ 2

నా ముద్దుల తమ్ముడికి,

నువ్వు హాస్యానికి రాశావో నిజంగా రాశావో తెలియక పార్లర్‌లో అందరికీ చదివి వినిపించాను. హాస్యానికేనని అందరూ తేల్చారు.

కబురు వినే ఉంటావనుకుంటా. వినలేదా? అయితే ఇదుగో, పేపర్ ముక్క కత్తిరించి పంపుతున్నాను. మన ఊరి పత్రికవాళ్ళు పార్లర్‌కే వచ్చారు. నా ఫోటో డ్రయ్యర్ పక్కన తీశారు, వెనక షాంపూ సీసాలు కూడా చక్కగా పడ్డాయి. నీ ఫోటో అడిగితే నా దగ్గర తొమ్మిదో తరగతిది తప్ప ఇంకేదీ కనపడలేదు, అదే ఇచ్చాను. పళ్ళకు తీగలున్నది. పైన పెద్ద అక్షరాలతో "గడియ మరిచిన తమ్ముడు" అని వాళ్ళే పెట్టుకున్నారు. నాకేం సంబంధం లేదు. నేను "మతిమరుపు తమ్ముడు" అని మాత్రమే అన్నాను.

రోజూ ఉదయం పెరట్లో నిలబడి కేక సాధన చేస్తున్నాను. కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. పక్కింటాయన కంచె మీంచి తొంగిచూసి, "పెట్టానమ్మా, పెట్టాను" అన్నాడు పాపం.

డబ్ బాబాయికి ఒంట్లో బాగానే ఉంది. మెథడిస్టు విందులో అరటిపండు పుడ్డింగ్ వడ్డిస్తూ కనిపించాడు. నీ గురించి అడిగాడు. మొహం చూస్తే కోపం ఉన్నట్టు లేదు.

ఎర్ర గౌను కాదు, పసుపుది. ఆ మాత్రం గుర్తులేనివాడికి గడియ గుర్తుంటుందా?

ముద్దులతో,
వెర్లీన్

*

పాస్కగూలా
ఏప్రిల్ 11

శ్రీమతి వెర్లీన్ గారికి,

ఫెయ్ ఆ పేపర్ ముక్కను ఫ్రిజ్ మీద అంటించింది. అక్కడితో ఆగితే బాగుండేది. నా భోజనం డబ్బాలో ఎవరో దాని నకలు పెట్టారు. ఎవరో ఏమిటి, ఫెయ్‌నే. కార్ఖానా మొత్తం చేతులు మారింది. ఇప్పుడు నేను ఏ తలుపులోంచి వచ్చినా వెనక నుంచి నలుగురు, "గడియ పెట్టావా హోయ్ట్?" అంటున్నారు. నిన్న యుద్ధనౌక పొట్టలో వెల్డింగ్ చేస్తుంటే పైనుంచి కన్నంలోంచి తల పెట్టి మరీ అడిగాడొకడు. మేస్త్రీ కూడా. ఆయన చర్చిలో డీకన్, పెద్దమనిషి.

ఇక లాభం లేదు. నేనూ ఒక నిర్ణయానికొచ్చాను. జునెల్‌తో మాట్లాడాను. ఆ గొంతు వినగానే ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళయినా ఏదీ మర్చిపోలేదట. నా పక్కన నిలబడతానని మాటిచ్చింది. వెండెల్ ఏమనుకున్నా సరేనంది. జూన్‌లో మేకన్‌కి ఇద్దరం కలిసే వస్తాం, అందరి ముందూ నిజం చెప్పేస్తాం. నువ్వు తట్టుకోడానికి సిద్ధంగా ఉండు.

ఫెయ్‌కి ఇంకా చెప్పలేదు. సమయం చూసి చెబుతాను.

హోయ్ట్

*

గ్రే
ఏప్రిల్ 16

ఒరేయ్ మూర్ఖుడా,

నీ ఉత్తరం చదివి కుర్చీలో కూలబడ్డాను. పక్కన కూర్చున్న పాస్టర్ గారి భార్య జుట్టు కర్లర్ల మీదే మాడింది. పాపం, టోపీ పెట్టుకుని తిరుగుతోంది.

మతి ఉండే రాశావా? జునెల్‌కి మనవలురా! బంగారం లాంటి ఫెయ్‌ని, నీ చెవిటితనాన్ని ఇన్నేళ్ళు భరించిన పిల్లని, వదిలేసి, ట్రక్కు చూసి వెళ్ళిపోయినదాని వెంట పడతావా? అదీ నడివయసులో! వెండెల్ దగ్గర ఇప్పుడు ఇంకా పెద్ద ట్రక్కు ఉంది, తుపాకీ కూడా ఉంది.

నీకు చెప్పి లాభం లేదని ఫెయ్‌కే రాశాను. ధైర్యంగా ఉండమన్నాను, నేను ఎప్పటికీ తన ఆడపడుచునేనన్నాను, కావాలంటే వచ్చి మా ఇంట్లో ఉండమన్నాను. పౌండ్ కేక్ కూడా పంపాను. బుధవారం ప్రార్థనలో పాస్టర్ గారు నీకోసం పేరు పెట్టి ప్రార్థించారు. ఊరి పేరు కూడా చెప్పారు, దేవుడు పొరపాటు పడకుండా.

అంతా ఒక గడియ కోసమా తమ్ముడూ? అంత కష్టంగా ఉందని ముందే చెప్పకూడదూ?

ఏడుస్తూ,
అక్క

*

పాస్కగూలా, మా ఇంటి వసారాలోంచి
ఏప్రిల్ 25

అక్కా,

ఈ ఉత్తరం ఊయల మంచంలో పడుకుని రాస్తున్నాను. ప్రస్తుతం నా కాపురం ఇక్కడే. దోమలు బాగున్నాయి. నిన్ను అడిగామన్నాయి.

సాక్షి! జునెల్ నా సాక్షి అని నా భావం! ఆ రోజు మన పక్క కుర్చీలోనే కూర్చుంది కాబట్టి, కేక నాదేనని చెప్పడానికి వస్తానంది. ఫెయ్‌కి పందుల గొడవంటేనే విసుగు, అందుకని చెప్పలేదు. నేను చెప్పేలోపే నువ్వు పంపిన కేక్ వచ్చింది, దాని మీద "నీ దుఃఖంలో నేనున్నాను" అని చీటీ. ఫెయ్ చీటీ చదివింది, నీ ఉత్తరం చదివింది. నా దిండు తెచ్చి వసారాలో పెట్టింది. కేక్ మొత్తం తనే తిన్నది. కిటికీ దగ్గర కూర్చుని, నాకు కనపడేలా.

చివరికి జునెల్‌నే ఫోన్ చేసి చెప్పమన్నాను. ఫెయ్ ఫోన్ పట్టుకుని లోపలికెళ్ళింది. ఇక నవ్వులే నవ్వులు. మధ్యాహ్నం భోజనం వేళ దాటింది, ఇంకా నవ్వులే. ఇప్పుడిద్దరూ ప్రాణ స్నేహితులు. నన్ను లోపలికి ఎప్పుడు రానివ్వాలో కలిసి ఆలోచించుకుంటున్నారు.

ఇంకో సంగతి. నేను చెప్పకపోయినా ఫెయ్ నీకు ఎలాగూ రాస్తుంది. ఆ కంచరగాడిద పాట వస్తున్నప్పుడు నేను కుర్చీలోనే లేనని జునెల్ ఫెయ్‌తో అందట. ఉడకబెట్టిన వేరుశనక్కాయల కోసం వరసలో నిలబడ్డానట. తెచ్చినవి కూడా చల్లారిపోయాయట. ఏదీ మర్చిపోలేదన్న మనిషి ఇలాంటివే గుర్తుపెట్టుకుందని నాకేం తెలుసు?

సాక్షిని రద్దు చేస్తున్నాను. కేక నాదే.

దురదలతో,
హోయ్ట్

*

గ్రే
మే 5

ఒరేయ్ హోయ్ట్,

క్షమించు. నవ్వుతున్నాను, అయినా క్షమించు. నీ కాపురం నిలబడిందని పాస్టర్ గారు బుధవారం ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు.

నీకు నిజం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు కాబట్టి ఇది కూడా విను. నిన్న భోజనం దగ్గర నీ శనక్కాయల కథ డెల్మర్‌కి చెప్పి, "చూశావా, ఇక కేక నాదేనని తేలిపోయింది" అన్నాను. డెల్మర్ సంగతి నీకు తెలుసుగా, క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ ఒక మాట మాట్లాడతాడు. మొక్కజొన్న రొట్టె విరుస్తూ, "నీదెలా అవుతుంది?" అన్నాడు.

"ఏం, ఎందుకవదు?"

"ఆ పాటకి నువ్వు నా చొక్కాలో మొహం పెట్టుకుని ఏడుస్తున్నావుగా. కేక వెయ్యడానికి నోరెక్కడిది? నా చొక్కా గుండీ నీ నోట్లో ఉంది."

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా."

ఆయనకు రొట్టె ఇంకో ముక్క పెట్టలేదు. ఆయన మాట మీద నాకు నమ్మకం లేదు, పెళ్ళి తేదీనే గుర్తుండదు. కానీ ఏడ్చిన మాట నిజమే. ఏడ్చి, ముక్కు చీదుకుని, ఆ తర్వాత కేక వేసి ఉంటాను.

జూన్ పన్నెండున రా. ఫెయ్‌ని కూడా తీసుకురా. మేడ మీద గది సర్దాను. వేదిక మీద ఇద్దరం నిలబడదాం, ఇద్దరం అరుద్దాం, వాళ్ళే తేల్చుకుంటారు. నాన్న ఆ మాట పోయేదాకా అన్నాడని నాకు తెలియదురా. నా ముందు ఎప్పుడూ అనలేదు.

అక్క

*

ఓపెలైకా, అలబామా
జూన్ 12, శనివారం

అక్కా,

ఇది నీకు అందేసరికి అంతా అయిపోయి ఉంటుందని తెలుసు. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

తెల్లారగానే నేనూ ఫెయ్ బయల్దేరాం. మంచి చొక్కా వేసుకున్నాను. మాంట్‌గమరీ దాటాక బండి దగ్గడం మొదలెట్టింది. ఓపెలైకా దగ్గర పెద్ద పొగ వదిలి చచ్చిపోయింది. గిటారు ఉంటే నేనే పాట కట్టేవాణ్ణి. ఇప్పుడు ఒక మెకానిక్ షెడ్డులో, టైర్ల మీద కూర్చుని ఉన్నాం. కావలసిన పార్టు సోమవారానికి గానీ రాదట. మెకానిక్ పేరు లాంగ్లీ, మంచివాడు. మాకు కోక్‌లు ఇచ్చాడు, అందులో వేసుకోడానికి వేరుశనగపప్పు కూడా. ఫెయ్ ఆ పప్పు చూసి నన్ను చూసింది.

"అంత హడావిడిగా ఎక్కడికండీ?" అని అడిగాడు లాంగ్లీ. 

నేను ఛాతీ పొంగించుకుని, "మేకన్‌కి. హౌండ్స్ రికార్డులో గడియ కేక విన్నావా? అది వేసింది నేనే," అన్నాను.

అతను రెంచీ కింద పెట్టాడు. "మీరా? అదేంటండీ? అది మా పిన్నిది!"

"ఏ పిన్ని?"

"మా ఓనీడా పిన్నండీ. ఆ రోజు మా బాబాయిని అడిగింది. ఆయన పెట్టలేదు. పందులు వెళ్ళి మా తాతగారి పెరట్లో ఆరేసిన పెళ్ళి దుప్పట్లన్నీ నమిలేశాయి. మా ఇంట్లో ఏ పండక్కయినా ముందు ఆ కథ చెప్పి, తర్వాతే భోజనం. పొద్దున్నే బాబాయితో కలిసి మేకన్ వెళ్ళింది. కొత్త టోపీ కూడా కొనుక్కుంది."

నేను నమ్మలేదు. అతను లోపలికెళ్ళి ఒక టేపు తెచ్చి పెట్టాడు. ఓనీడా గారు మొన్న ఈస్టర్‌కి పిల్లలను భోజనానికి పిలుస్తున్న టేపు. అక్కా, నా ఒక్క మంచి చెవితో విన్నాను. ఫెయ్ రెండు మంచి చెవులతో విన్నది. టైర్ల మీంచి లేచి, ఫోన్ ఎక్కడుందని లాంగ్లీని అడిగాను.

థియేటర్‌కి ఫోన్ చేశాను, నిన్ను వేదిక ఎక్కవద్దని చెప్పమందామని. ఎవరో ఎత్తారు. వెనక అంతా హోరు. వాళ్ళేమన్నారో నాకు వినపడలేదు, నేనేమన్నానో వాళ్ళకి వినపడలేదు. చివరికి ఫెయ్ తీసుకుంటే ఫోన్ పెట్టేశారు.

ఎక్కి ఉంటే దిగిపో. నవ్వులపాలు కాకు.

నీ తమ్ముడు

*

గ్రే
జూన్ 13, ఆదివారం

హోయ్ట్,

చర్చి నుంచి రాగానే కూర్చుని రాస్తున్నాను, టోపీ కూడా తియ్యలేదు. నువ్వెందుకు రాలేదు? బండి పాడైందని ఫెయ్ ఉదయం పక్కింటికి ఫోన్ చేసి చెప్పిందట, ఆయన ఇప్పుడు చెబుతున్నాడు. నా కేకల వల్ల మా ఇంటి వైపు రావడం మానేశాడు. నిన్నంతా నీకోసం గుమ్మం వైపు చూసీ చూసీ మెడ పట్టేసింది. నువ్వు అలిగి మానేశావనుకున్నాను.

థియేటర్ ఎంత బాగుందనుకున్నావు! గోడల మీద దేవదూతలకు మళ్ళీ ముక్కులు పెట్టారు. ముందుగా జనం ఒక్కొక్కరే వేదికెక్కి జ్ఞాపకాలు చెప్పారు. గిటారు ఇలా వాయించారు, డ్రమ్ములు అలా మోగాయి అంటారేమో అనుకున్నాను. ఒక్కరు కూడా అనలేదురా! ఒక్కొక్కరిదీ ఆ కేక కథే. మిలెడ్జ్‌విల్ నుంచి వచ్చిన ఒకాయన, "నాకు మేకలండి. ఆ కేక వినగానే లేచి ఇంటికి పరిగెత్తాను. అప్పటికే అవి వసారాలో మా అత్తగారి కుర్చీలో ఎక్కి కూర్చున్నాయి," అన్నాడు. ఒకావిడ, "నాకు పశువుల్లేవు, కానీ పొయ్యి మీద చిక్కుళ్ళు పెట్టి మర్చిపోయానని గుర్తొచ్చింది. ఆ కేకే లేకపోతే ఇల్లు తగలబడేది," అని కళ్ళు తుడుచుకుంది. ఇంకో జంట, అందరూ ఒక్కసారి లేచి బయటికి తోసుకుంటుంటే గుమ్మంలో ఇరుక్కుని పరిచయమయ్యారట, మూడో కాన్పులో పుట్టిన పిల్లకి ఈ థియేటర్ గుర్తుగా బెల్ అని పేరు పెట్టుకున్నారు. సగం హాలు అప్పుడే ఖాళీ అయిందట! ముసలి డ్రమ్మర్ మైకు తీసుకుని, "మా పాట బాగాలేక వెళ్ళిపోయారని ఇన్నేళ్ళూ బాధపడ్డామయ్యా," అన్నాడు. ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

ఆ తర్వాత కేక వేశామన్నవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టారు. బస్సెడు మంది ఉన్నాం. ఒక షెరిఫ్ కూడా. ఒకడు అరిస్తే కుక్కలా ఉంది, ఒకతి అరిస్తే ఆపెరాలా ఉంది. జనం మర్యాదగా చప్పట్లు కొట్టారు. నేను తేనె నీళ్ళు తాగి, గొంతు సవరించుకుని సిద్ధంగా ఉన్నాను.

నా ముందు ఒక చిన్న ముసలావిడ. నా భుజం దాకా లేదు. కొత్త టోపీ, చేతిలో పెద్ద సంచి. "ఓపెలైకా నుంచి వచ్చాను, ఓనీడా ప్రూయెట్ అంటారు," అని మెల్లగా చెప్పింది. సంచి కింద పెట్టింది. నోరు తెరిచింది.

హోయ్ట్, పైకప్పు మీంచి కొత్త సున్నం రాలింది. అదే గొంతు. రికార్డులోది అక్షరం పొల్లుపోకుండా. హాలంతా బిగుసుకుపోయింది. అప్పుడు వెనక వరసలోంచి ముసలాయన గొంతొకటి వణుకుతూ, "పెట్టాననే అనుకుంటున్నానే ఓనీడా!" అంది.

ఆ నవ్వులకి థియేటర్ కూలుతుందేమో అనుకున్నాను. డ్రమ్మర్ లేచి టోపీ తీసి ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు.

ఆ గొంతు అలా మోగిన క్షణంలో నాకు అంతా కళ్ళముందుకి వచ్చిందిరా. నేను డెల్మర్ చొక్కాలోంచి మొహం ఎత్తాను. నువ్వు శనక్కాయల పొట్లంతో వరసల మధ్య దారిలో నిలబడిపోయి ఉన్నావు. ఆ కేక మన ఇద్దరి మధ్య నుంచి వెళ్ళింది. నువ్వు నన్ను చూశావు, నేను నిన్ను చూశాను. నీ మొహం పాలిపోయింది. నాదీ అంతే అయి ఉంటుంది. నువ్వు పెట్టావనుకుని నేను, నేను పెట్టాననుకుని నువ్వు! ఎవరో పరాయి ఆవిడ మొగుణ్ణి అడిగింది, మనకి తగిలింది.

నా వంతు రాగానే నిర్వాహకుడు, "మీరు వెయ్యరా అమ్మా?" అన్నాడు. "లేదండీ, మా తమ్ముడు రాలేదు," అని దిగొచ్చేశాను. ఎందుకలా అన్నానో తెలియదు. కుర్చీలో కూర్చుంటే డెల్మర్ చొక్కా ముందుకు జరిపాడు. మళ్ళీ ఏడ్చాను.

బయట డబ్ బాబాయి కనిపించాడు. ఇక దాచేదేముందని, గడియ మా ఇద్దరిలో ఎవరూ పెట్టలేదు బాబాయ్, నీ బాప్తిస్మం చెడగొట్టాం అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి నా చెవిలో, "నేను అప్పటికే మెథడిస్టుల కోడి వేపుడు రుచి చూశానే పిల్లా. వంక కోసం వెతుకుతున్నాను. ఆ పందిని దేవుడే పంపాడు," అన్నాడు.

కాబట్టి నాన్న అన్న మాట మనసులోంచి తీసెయ్. ఆయన అన్నది నిన్నొక్కణ్ణి కాదు, మన ఇద్దర్నీ. నేను వినలేదంతే.

సున్నం దులుపుకుంటూ,
అక్క

*

పాస్కగూలా
జూన్ 22

అక్కా,

నీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఎదురుపడి పలకరించుకుని ఉంటాయి.

నీది గుమ్మంలోనే నిలబడి చదివాను. తర్వాత వసారాలోకి వెళ్ళి కూర్చున్నాను. (ఈసారి నా ఇష్టంతోనే.) ఆనాటి శనక్కాయల పొట్లం వేడి మళ్ళీ అరచేతికి తెలిసింది. జునెల్ చల్లారాయంది కానీ, వేడిగానే ఉన్నాయి. నువ్వు చెప్పినట్టే జరిగింది.

కార్ఖానాలో అందరికీ చెప్పాను, గడియ మేమిద్దరం మరిచాం అని. అప్పటినుంచి ఎవరూ ఏడిపించడం లేదు. నిజానికి కాస్త వెలితిగా ఉంది.

ఫెయ్ అడిగింది, "మరి ఇంక మీ అక్కాతమ్ముళ్ళు ఏం రాసుకుంటారు? మళ్ళీ క్రిస్మస్ కార్డులేనా?" అని. ఆ మాట రెండు రోజులు నన్ను తినేసింది. మార్చి నుంచి పోస్ట్‌మాన్ కోసం గుమ్మంలో నిలబడటం అలవాటైంది. మనం ఇంత మాట్లాడుకున్నది ఎప్పుడు? పిల్లలప్పుడు కూడా లేదు.

అందుకని బాగా ఆలోచించాను. నీకు ఒక విషయం గుర్తు చెయ్యాలి. ఆ రోజు కచేరీ నుంచి ఇంటి దాకా ట్రక్కు నడిపింది నేనే. మొత్తం దారి. ఎక్కడా గుంతలో దించకుండా. నువ్వూ బావా పక్కన కూర్చుని నిద్రపోయారు.

కాదంటావా?

నీ తమ్ముడు,
హోయ్ట్

*

గ్రే
జూన్ 26

ఒరేయ్,

నువ్వా? నువ్వు నడిపావా? మొదట అది ట్రక్కే కాదు, డెల్మర్ వాళ్ళ నాన్న కారు. రెండు, నడిపింది నేను. మూడు, గుంతలో దించింది నువ్వే, కాబట్టి కొంత దూరం నువ్వు నడిపావని ఒప్పుకుంటాను, ఆ గుంత దాకా మాత్రం.

డెల్మర్‌ని అడిగాను. నోరు తెరవబోయాడు. రొట్టె పెట్టాను.

నీ అక్క,
వెర్లీన్